శనిచరీ నుంచి బుధవారీ వరకు: బిలాస్‌పూర్ రైలు పట్టణపు చరిత్ర

ఛత్తీస్‌గఢ్ మైదానంలో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌కు రెండు నడిబొడ్లు ఉన్నాయి. మొదటిది నదిని ఆనుకుని పెరిగిన జూనా బిలాస్‌పూర్, అంటే పాత బిలాస్‌పూర్. రెండవది 19వ శతాబ్దం చివరి దశకంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఆ ఊరికి దూరంగా, ఆగ్నేయ దిక్కున కట్టించిన రైలు పట్టణం. ఈ రెండింటికీ రెండు వారపు సంతలు ఏర్పడ్డాయి: నది దగ్గర శనివారం పేరుతో వెలసిన శనిచరీ బజార్, రైల్వే కాలనీ పక్కన బుధవారం పేరుతో వెలసిన బుధవారీ బజార్. ఈ రెండు సంతల మధ్య దూరం మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు కనుక, హౌరా–ముంబయి మార్గంలో బిలాస్‌పూర్ జంక్షన్‌లో రైలు మారడానికి నాలుగైదు గంటలు ఆగవలసివచ్చిన ప్రయాణికుడు సైతం ఆ నగరపు నాలుగు శతాబ్దాల చరిత్రను కాలినడకన చూసి తిరిగి రైలు అందుకోగలడు.

రైలు దిగిన వారికి ముందుగా కనిపించేది రైలు పట్టణమే అయినా, చరిత్ర నది దగ్గర మొదలయింది కాబట్టి, మొదట శనిచరీ దాకా ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి స్టేషన్ వైపు నడుచుకుంటూ రావడం మేలు. ఆ క్రమంలో నడిచినప్పుడు రేవు మొదట, కోట ఆనవాళ్లు ఆ తరువాత, బజారు, కచేరీలు, మిషనరీల పాఠశాలలు, చివరికి రైల్వే క్వార్టర్లు ఒకదాని వెంట ఒకటి తమ కాలక్రమంలోనే ఎదురవుతాయి. ఈ వ్యాసం ఆ దారినే అనుసరిస్తుంది.

నది ఒడ్డున పాత ఊరు

జనశ్రుతి ప్రకారం ఈ ఊరికి ఆ పేరు వచ్చింది బిలాసా అనే బెస్త స్త్రీ వల్ల. ఆమె కేవట కులానికి చెందినది. పడవ నడపడం, చేపలు పట్టడం ఆ కులవృత్తి. బ్రిటిష్ కాలపు గెజెటీర్లు, అంటే జిల్లాల వివరాలను ప్రభుత్వం సంకలనం చేయించిన గ్రంథాలు, ఊరి పుట్టుక గురించి ఈ కథనాన్నే నమోదు చేశాయి. రాజుల పేర్లతో, దేవతల పేర్లతో వెలసిన పట్టణాలు దేశంలో కోకొల్లలు కాగా, శ్రమజీవి అయిన ఒక స్త్రీని తన మూలపురుషుల స్థానంలో నిలుపుకున్న నగరం ఇది. 2021లో మొదలైన ఇక్కడి విమానాశ్రయానికి కూడా బిలాసా పేరే పెట్టారు.

ఊరు పుట్టిన కాలానికి అధికారం బిలాస్‌పూర్‌లో లేదు. ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్ శతాబ్దాలపాటు కలచురి రాజుల రాజధానిగా ఉండేది. మహామాయ ఆలయం, చెరువులు, కోట గోడలు నేటికీ ఆ వైభవాన్ని తెలుపుతాయి. 1741లో నాగ్‌పూర్ భోంస్లే సేనలు ఛత్తీస్‌గఢ్ మీద దండెత్తి రతన్‌పూర్‌ను లొంగదీసుకున్న తరువాత ఈ ప్రాంతం మరాఠాల ఏలుబడిలోకి వెళ్లింది. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఒక మరాఠా అధికారి అర్పా ఒడ్డున నివాసం ఏర్పరచుకుని కోట కట్టడం ప్రారంభించడంతో, బెస్తల గుడిసెల ఊరికి తొలిసారిగా పాలకుల దృష్టి సోకింది. పాత బిలాస్‌పూర్‌లోని కిల్లా వార్డు పేరులో ఆ కోట జ్ఞాపకం మిగిలి ఉంది. వంకర తిరిగే ఇరుకు సందులు, వీధికి ఆనుకున్న అరుగులు, నదికి దిగే మెట్ల రేవులు ఈ భాగంలో ఇప్పటికీ కనిపిస్తాయి.

1854లో నాగ్‌పూర్ రాజ్యాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీ కలుపుకోగా, 1861లో బిలాస్‌పూర్ ప్రత్యేక జిల్లా అయింది, 1867లో పురపాలక సంఘం ఏర్పడింది. జిల్లా కేంద్రంగా రతన్‌పూర్‌ను కాక బిలాస్‌పూర్‌ను ఎంచుకోవడంతో రాజధాని క్షీణించి రేవు ఊరు పెరగడం మొదలయింది. 1901 నాటికి బిలాస్‌పూర్ జనాభా 18,937కు చేరగా, రతన్‌పూర్‌లో అందులో మూడోవంతు కూడా లేరు.

శనిచరీ పరిసరాలు జాతీయోద్యమ చరిత్రలోనూ స్థానం సంపాదించుకున్నాయి. 1921లో హిందీ కవి, పత్రికా సంపాదకుడు మాఖన్‌లాల్ చతుర్వేది బిలాస్‌పూర్‌లో చేసిన ప్రసంగానికి రాజద్రోహ నేరం మోపి ఆయనను ఇక్కడి జైలులో నిర్బంధించారు. హిందీ పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగు విద్యార్థులకు కూడా పరిచయమైన 'పుష్ప్ కీ అభిలాషా' కవిత ఆ చెరసాల కాలానిదే. 1933 నవంబరులో అస్పృశ్యతా నివారణ యాత్రలో భాగంగా మహాత్మాగాంధీ ఈ నగరానికి వచ్చారు. నది ఒడ్డున సంతకు విడిచిన ఖాళీ స్థలమే ఆ రోజుల్లో వేలమంది ఒకచోట చేరడానికి అనువైన మైదానం కావడం వల్ల, సంత వ్యాపారానికీ రాజకీయ సభలకూ నెలవు ఒకటే అయింది.

బజారు, కచేరీ, ఒక తెలుగు పేరు

శనిచరీ నుంచి ముందుకు నడిస్తే సదర్ బజార్, గోల్ బజార్ వస్తాయి. బంగారం, బట్టలు, ధాన్యం, మిఠాయి దుకాణాలతో కిక్కిరిసి ఉండే ఈ వీధులు పాత ఊరికీ బ్రిటిష్ కాలపు సివిల్ లైన్స్‌కూ, అంటే అధికారుల బంగళాలు, కచేరీలు ఉండే విశాలమైన పేటకూ, నడుమ వారధిగా నిలిచాయి. 1885లో ఇక్కడ పని ప్రారంభించిన డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అనే అమెరికన్ క్రైస్తవ మిషన్ నెలకొల్పిన బర్జెస్ స్మారక బాలికల పాఠశాల, జాక్‌మన్ స్మారక ఆసుపత్రి రైలు రాకకు కొంచెం ముందూ వెనుకలుగా పట్టణం కొత్త రూపు దిద్దుకున్న తీరును చూపుతాయి.

ఈ భాగంలో తెలుగు పాఠకులు ఆగి చూడవలసిన కట్టడం రాఘవేంద్రరావు సభాభవనం. దీనికి పేరిచ్చిన ఇ. రాఘవేంద్రరావు 1889లో నాగ్‌పూర్ సమీపంలోని కాంప్టీలో జన్మించిన తెలుగువాడు. కాంప్టీ మద్రాసు సైన్యపు దళాలు విడిసిన కంటోన్మెంటు, అంటే సైనిక నివాస పట్టణం, కావడం వల్ల అక్కడ తెలుగు కుటుంబాలు చాలాకాలం నుంచి స్థిరపడి ఉండేవి. ఆయన ఇంగ్లండులో బారిస్టరు చదువు ముగించి బిలాస్‌పూర్‌లో వకీలుగా స్థిరపడి, పురపాలక సంఘానికి అధ్యక్షుడై, మధ్య పరగణాల శాసనసభలో ప్రముఖ స్థానం పొంది, 1936లో కొన్ని నెలలపాటు ఆ రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించారు. 1937 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు స్వపరిపాలన వచ్చినప్పుడు కాంగ్రెస్ తొలుత పదవులు స్వీకరించకపోవడంతో కొద్దికాలం ముఖ్యమంత్రి బాధ్యత కూడా వహించారు. అటుపైన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడై 1942లో మరణించారు. ఆయన రాజకీయాలను సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ ఉన్నారు గాని, రైల్వే ఉద్యోగాలతో సంబంధం లేకుండా కూడా తెలుగువారు ఈ నగరపు ప్రజాజీవితంలో అగ్రస్థానం అందుకున్నారనడానికి ఆయన జీవితమే రుజువు.

రైలు వచ్చిన విధం

ఛత్తీస్‌గఢ్‌కు రైలు రావడానికి కారణం ఇక్కడి వరి ధాన్యమూ, దేశాన్ని పీడించిన కరువులూ. నాగ్‌పూర్ నుంచి తూర్పుగా ప్రభుత్వం వేయించిన మీటరుగేజి మార్గం, అంటే పట్టాల నడుమ ఒక మీటరు ఎడం ఉండే సన్నని దారి, 1882 నాటికి రాజనంద్‌గావ్ వరకు చేరి అక్కడ ఆగింది. ఆ మార్గాన్ని స్వాధీనం చేసుకుని, బ్రాడ్‌గేజికి మార్చి, తూర్పున బెంగాల్ దాకా పొడిగించడానికి 1887లో లండన్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. కార్మికుల నోట అది బి.ఎన్.ఆర్.గా స్థిరపడింది. పట్టాలు బిలాస్‌పూర్‌ను దాటి తూర్పుకు సాగగా, 1891 ఫిబ్రవరిలో నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ వరకు ప్రధాన మార్గం పూర్తయింది. అదే ఏడాది ఉమరియా బొగ్గు గనుల మీదుగా కట్నీని కలిపే శాఖ కూడా బిలాస్‌పూర్ నుంచి ఉత్తరానికి తెరుచుకుంది. రెండు దారులు కలిసే చోటు కావడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది.

జంక్షన్ కావడమంటే పట్టాలు కలవడంతో సరిపోయేది కాదు. ఆవిరి ఇంజను కొంతదూరం నడిచాక నీళ్లు, బొగ్గు పట్టుకోవాలి, బూడిద దులుపుకోవాలి. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు దిగి మరొక జట్టు ఎక్కాలి. గూడ్సు బండిలోని వ్యాగన్లను విడదీసి దిక్కుల వారీగా మళ్లీ కూర్చాలి. అందుకని లోకో షెడ్డు, యార్డు, నీటి ట్యాంకులు, మరమ్మతు కొట్టాలు, వాటిలో రాత్రింబవళ్లు పనిచేసే వేలమంది ఒకేచోట అవసరమయ్యారు. మార్గనిర్మాణంలో పేరుపొందిన కచ్ ప్రాంతపు మిస్త్రీలు, అంటే రాతిపనిలో, వంతెనల కట్టుబడిలో ఆరితేరిన గుత్తేదారులు, పని ముగిశాక ఇక్కడే స్థిరపడ్డారు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, బెంగాలీ గుమాస్తాలు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కార్మికులు వారికి తోడయ్యారు.

ఇదే రైలు ఈ నేల మనుషులను బయటికీ తీసుకుపోయింది. 1896–97లోనూ 1899–1900లోనూ వచ్చిన దారుణమైన కరువుల్లో రైలు ధాన్యాన్ని మోసుకువచ్చింది గాని, పొలాలు బీడుపడ్డ రైతుకూలీలను అస్సాం తేయాకు తోటలకూ తూర్పు బొగ్గు గనులకూ చేరవేసింది కూడా అదే. బయటివారికి ఉద్యోగమిచ్చిన స్టేషనే స్థానికులకు వలస గుమ్మం కావడం బిలాస్‌పూర్ చరిత్రలోని విషాదం; రైలు తెచ్చిన అభివృద్ధిని చెప్పేవారు దీన్ని విస్మరించరాదు.

నడక దూరంలో కట్టిన పట్టణం

తార్‌బాహర్ పేట దాటి రైల్వే ప్రాంతంలో అడుగుపెట్టగానే పాత ఊరి వంకర సందులు మాయమై, నిటారుగా సాగే వీధులు, వాటికి ఇరువైపులా చెట్లు, ఒకే నమూనాలో వరుసగా కట్టిన ఇళ్లు మొదలవుతాయి. కంపెనీ తన ఉద్యోగులకు హోదాను బట్టి ఇళ్లు కేటాయించేది. అధికారులకు బంగ్లా యార్డు పేరుతో పిలిచే పేటలో విశాలమైన తోటల నడుమ బంగళాలు, మధ్యతరగతి సిబ్బందికి వరండా ఉన్న క్వార్టర్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మన్‌ల వంటి కింది కార్మికులకు ఒకే గది, వంటకు చిన్న చోటు, వెనుక పెరడు ఉండే వరుస ఇళ్లు దక్కేవి. ఖలాసీ షెడ్డులో సహాయపు పనులు చేసేవాడు. గ్యాంగ్‌మన్ పట్టాలను రోజూ నడిచి పరీక్షించి బాగుచేసేవాడు. బారహ్ ఖోలీ, అంటే పన్నెండు గదులు, అన్న పేటపేరు ఆ వరుస ఇళ్ల కాలాన్ని నేటికీ మోస్తోంది.

ఈ పట్టణం నడిచి తిరిగేందుకు వీలైన కొలతలో ఉండడం వెనుక ఒక పని విధానం ఉంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో డ్రైవరు ఏ వేళకు బండి ఎక్కాలో ముందురోజు తెలిసేది కాదు. బండి కూర్పు పూర్తి కావస్తుండగా లోకో షెడ్డు నుంచి కాల్‌బాయ్ బయలుదేరేవాడు. అతని చేతిలో కాల్‌బుక్కు, రాత్రయితే లాంతరు ఉండేవి. డ్రైవరు ఇంటికీ ఆపై ఫైర్‌మన్ ఇంటికీ నడిచివెళ్లి, తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, నిద్రలేచిన మనిషి చేత పుస్తకంలో సంతకమో వేలిముద్రో వేయించుకునేవాడు. ఆ సంతకం పడ్డాక పనికి రాలేదంటే శిక్ష తప్పదు. పిలవడానికి వెళ్లినవాడు పిలిచి తిరిగిరావాలి, పిలుపు అందుకున్నవాడు భోజనం కట్టించుకుని సమయానికి షెడ్డు చేరాలి. అందువల్ల బండ్లు నడిపే సిబ్బంది ఇళ్లన్నీ షెడ్డుకు నడక దూరంలోనే ఉండవలసివచ్చింది. మోటారు బండ్ల కాలంలో నగరాలు ఎటు పడితే అటు పరచుకుపోగా, రైల్వే కాలనీలు ఇప్పటికీ మనిషి అడుగుకు సరిపోయే కొలతలో మిగలడానికి మూలం ఇదే.

బుధవారీ బజార్ ఈ కాలనీకి అంగడివీధి. రైల్వే జీతం మీద బతికే కుటుంబాలకు కూరగాయలు, చేపలు, ధాన్యం, వంటపాత్రలు సమకూర్చిన ఈ సంత క్రమంగా శాశ్వతమైన బజారుగా మారింది. పక్కనే ఉన్న నార్త్ ఈస్ట్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు మరొక అవసరాన్ని తీర్చాయి. రైల్వే వాడుకలో ఇన్‌స్టిట్యూట్ అంటే ఉద్యోగుల వినోదశాల: ఆటస్థలం, నాటకాల వేదిక, సమావేశ మందిరం ఉండే చోటు. బెంగాలీల దుర్గాపూజ, ఉత్తరాదివారి రామలీల, తెలుగువారి నాటకాలు, సంక్రాంతి సంబరాలు ఇటువంటి వేదికల మీదనే ఒకరివి ఒకరికి పరిచయమయ్యాయి. దేశవిభజన తరువాత వచ్చిన సింధీ కుటుంబాలు రైలు పట్టణానికి చేరువలోనే మరొక పేట కట్టుకుని, 1943లో ఉరికంబమెక్కిన యువవీరుడు హేమూ కాలానీ పేరిట దాన్ని హేమూనగర్‌గా పిలుచుకున్నారు.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు

తెలుగు కార్మికులు బిలాస్‌పూర్ చేరిన దారిని అర్థం చేసుకోవాలంటే తూర్పుకోస్తా రైలు చరిత్ర తెలియాలి. బెజవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య పూర్తయింది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో దాన్ని రెండుగా విభజించి, వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగాన్ని మద్రాసు రైల్వేకూ, ఉత్తరాన ఉన్న భాగాన్ని బి.ఎన్.ఆర్.కూ అప్పగించారు. దానితో విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెలు ఒక్కసారిగా కలకత్తా కేంద్రంగా నడిచే కంపెనీ పరిధిలోకి వచ్చాయి. వాన మీద ఆధారపడ్డ చిన్న కమతాలతో, జమీందారీ శిస్తుల భారంతో నలిగిన ఆ పల్లెల యువకులు ముందుగా ఖరగ్‌పూర్ కర్మాగారంలో ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్‌లుగా చేరి, బదిలీల మీద చక్రధర్‌పూర్, టాటానగర్ దాటుకుంటూ బిలాస్‌పూర్ వరకు వ్యాపించారు. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తయ్యేదాకా, వాల్తేరు నుంచి బిలాస్‌పూర్‌కు పోదలచినవారు ఉత్తరాన ఖరగ్‌పూర్ చేరి, అక్కడి నుంచి పడమటికి మళ్లవలసివచ్చేది. పార్వతీపురం, రాయగడ కొండల గుండా కొత్త దారి పడ్డాక ఊరికీ ఉద్యోగానికీ మధ్య దూరం తరిగి, పండుగలకు ఇంటికి వెళ్లిరావడం, పిల్లలకు అక్కడి సంబంధాలు కుదుర్చుకోవడం సాధ్యమయ్యాయి.

ఈ కార్మికుల గొంతుగా నిలిచిన నాయకుల్లో ముఖ్యుడు బరంపురంలో జన్మించిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. భారత రాష్ట్రపతి కావడానికి నాలుగు దశాబ్దాలకు ముందే ఆయన బి.ఎన్.ఆర్. కార్మిక సంఘాన్ని నడిపించారు. 1927–28లో ఉద్యోగాల తొలగింపును వ్యతిరేకిస్తూ ఖరగ్‌పూర్ కేంద్రంగా సాగిన సమ్మె భారత కార్మికోద్యమంలో ఒక మైలురాయి అయింది. 1936 డిసెంబరు నుంచి 1937 ఫిబ్రవరి వరకు జరిగిన సమ్మె బి.ఎన్.ఆర్. మార్గాలన్నిటినీ కుదిపివేసింది. ఏ భాషవారైనా షెడ్డులో ఒకే మసి పూసుకునేవారు కాబట్టి, ఆ సంఘాల్లో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా మాటలు కలగలిసి వినిపించేవి.

ఊరు వదిలినా గ్రామదేవతను వదలలేదు. బారహ్ ఖోలీ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఏటా వేసవిలో జరిపే సోలాపురి మాత పూజలో పసుపునీళ్లు, వేపమండలు, తలపై ఘటాలు ఎత్తుకుని వీధివీధి తిరిగే ఆడపడుచులు, డప్పుల మోత ఉత్తరాంధ్ర అమ్మవారి పండుగలను తలపిస్తాయి. ఖరగ్‌పూర్ తెలుగువారు కూడా ఇదే మాతను కొలవడాన్ని బట్టి, ఈ కొలువు రైల్వే బదిలీలతో పాటు కాలనీ నుంచి కాలనీకి సాగినట్లు భావించవచ్చు. నేడు ఈ ఉత్సవంలో ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ కుటుంబాలు కూడా మొక్కులు చెల్లించుకోవడం, తెలుగువారి పండుగ రైలు పట్టణపు పండుగగా మారిందనడానికి గుర్తు.

స్టేషన్: నిరీక్షణ, అధికారం

నడక ముగిసేది స్టేషన్ దగ్గర. 1918లో వెలువడిన 'పలాతకా' సంపుటిలోని 'ఫాంకి' అనే కవితలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ స్టేషన్‌ను ప్రస్తావించారు. వ్యాధిగ్రస్తురాలైన భార్యను గాలిమార్పుకు తీసుకుపోతున్న భర్త బిలాస్‌పూర్‌లో రైలు మారడానికి గంటల తరబడి ఆగవలసివస్తుంది. అక్కడి రైల్వే కూలీ భార్య రుక్మిణి కూతురి పెళ్లికి ఇరవై అయిదు రూపాయలు కావాలని ఆ రోగిష్టి ఇల్లాలి దగ్గర మొర పెట్టుకుంటుంది. ఇస్తానని భార్యకు మాట చెప్పిన భర్త చాటుగా రెండు రూపాయలతో సరిపెడతాడు. భార్య మరణించాక ఆ మోసం అతన్ని దహిస్తుంది, తిరిగివచ్చి వెదికితే రుక్మిణి కనబడదు. ఈ కవితను స్టేషన్‌లో ఫలకంగా ప్రతిష్ఠించారు. జంక్షన్లలో రైలు మారే కొద్ది గంటల్లో ప్రయాణికులకూ అక్కడ శ్రమించే పేదలకూ మధ్య ఏర్పడే సంబంధం ఎంత పలుచనిదో, ఆ పలుచదనం మనిషిని ఎలా వెంటాడుతుందో ఇంత సూటిగా చెప్పిన రచనలు అరుదు.

స్వాతంత్ర్యానంతరం బిలాస్‌పూర్ ప్రాముఖ్యం బొగ్గుతో పెరిగింది. 1950లలో చాంపా నుంచి కోర్బా గనులకు మార్గం వేయడం, 1985లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఇక్కడ నెలకొనడం వల్ల బిలాస్‌పూర్ రైల్వే డివిజన్ సరకు రవాణాలో దేశంలోనే ముందు వరుసకు చేరింది. ఇంత ఆదాయం తెచ్చే చోటుకు తన జోన్, అంటే రైల్వే పరిపాలనా మండలం, కావాలని నగర ప్రజలు ఏళ్లతరబడి పోరాడారు. 1996 జనవరిలో ఆ ఆందోళన తీవ్రరూపం దాల్చింది. 1998లో ప్రకటితమైన ఆగ్నేయ మధ్య రైల్వే 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ప్రారంభమైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు కూడా ఈ నగరానికే దక్కింది.

ఈ ఎదుగుదల పాత కట్టడాలకు గండంగా పరిణమిస్తోంది. స్టేషన్ల ఆధునికీకరణ, రోడ్ల వెడల్పు, శిథిలమైన క్వార్టర్ల తొలగింపు అవసరమే. ఒకే గదిలో మూడు తరాలు కాపురం చేసిన కుటుంబాలు మంచి ఇల్లు కోరుకోవడం న్యాయమే. అయితే రతన్‌పూర్ కోటకూ ఆలయాలకూ దక్కిన చారిత్రక గౌరవంలో కొంతైనా రైలు పట్టణానికి దక్కాలి. రాజులు కట్టించిన గోడలను నమోదు చేసిన విధంగానే కార్మికులు బతికిన వరుస ఇళ్ల కొలతలను, ఇన్‌స్టిట్యూట్ల రికార్డులను, సంఘాల కాగితాలను, పదవీ విరమణ చేసిన డ్రైవర్లు, గ్యాంగ్‌మన్‌లు చెప్పే వృత్తాంతాలను నమోదు చేయాలి. నమూనాగా ఒక వరుస క్వార్టర్లను, ఒక పాత షెడ్డు భాగాన్ని ఉన్నవి ఉన్నట్టుగా నిలిపి ఉంచడం రైల్వేకు మోయలేని ఖర్చు కాదు.

ఇందులో తెలుగు విద్యాసంస్థల బాధ్యత ప్రత్యేకమైనది. ఉత్తరాంధ్ర వలసల గురించి రంగూన్, ఖరగ్‌పూర్ పేర్లు తరచుగా వినిపిస్తాయి గాని, బిలాస్‌పూర్ వంటి జంక్షన్లలో మూడు నాలుగు తరాలుగా స్థిరపడినవారి చరిత్ర ఇంకా చెదురుమదురుగానే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఆ కుటుంబాల్లో తొలి తరం ఉద్యోగుల నియామక పత్రాలు, జాబులు, నాటకాల కరపత్రాలు ఇంకా దొరుకుతాయి. విశాఖపట్నం నుంచి కోర్బా పోయే ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగానే నడుస్తుంది. ఆ బండి ఎక్కి వచ్చే పరిశోధక విద్యార్థికి శనిచరీ నుంచి బుధవారీ వరకు సాగే ఈ నడకలో అడుగడుగునా పని కనిపిస్తుంది. ఆ తరాల జ్ఞాపకం మిగిలి ఉండగానే ఆ పని జరగాలి.